పాత చేతక్ కొనాలనుకునేవాళ్లు ఒకసారి ఇది చదవండి

నిన్న సంతలో ఒక తమ్ముడు నన్ను ఆపి అడిగినాడు. "అన్నా, మదనపల్లెలో పాత చేతక్ ఒకటి అమ్మకానికుంది. పాలకేన్లకు బాగుంటుంది, తీసుకోమంటావా?" అని. నిలబడి చెప్పే మాట కాదది, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆ బండికి ఏ రోగాలొస్తాయో తెలియాలంటే అది ఎట్లా పుట్టిందో కొంచెం తెలియాల.

ఇటలీలో పియాజియో అని విమానాలు చేసే కంపెనీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో దాని ఫ్యాక్టరీ మీద బాంబులు పడినాయి. యుద్ధమయ్యాక విమానాలు కొనేవాళ్లు లేరు, జనానికి మాత్రం చవకగా తిరిగే బండి కావాల. అప్పుడు దాస్కానియో అనే విమానాల ఇంజనీరు 1946లో వెస్పాను తయారుచేసినాడు. ఆయనకు మోటారు సైకిళ్లంటే అసలు ఇష్టం లేదంట. చైను మసి బట్టలకు అంటకుండా ఇంజన్ను వెనక చక్రం పక్కనే పెట్టి రేకుతో కప్పేసినాడు. చక్రాన్ని విమానం చక్రం మాదిరి ఒక పక్కనుంచే బిగించినాడు. స్టెప్నీ మార్చడం అంత సులువు ఎందుకో ఇప్పుడు తెలిసిందా! బరువంతా కుడి పక్కనే ఉండడం కూడా అందుకే.

బజాజ్ వాళ్లు లైసెన్సు మీద ఆ వెస్పాలనే మన దేశంలో చేసినారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటేడు రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి చేతక్ తెచ్చినారు. ఆ కాలంలో ఏ ఫ్యాక్టరీ ఎన్ని బండ్లు చేయాలో ఢిల్లీలో ప్రభుత్వమే రాసిచ్చేది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాల. దాంతో వాడిన బండి కొత్తదానికంటే ఎక్కువ ధర పలికేది. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ నిజం. మా పక్క పల్లెలకు చేరినవన్నీ చేతులు మారినవే. ముందటివాళ్లు ఎట్లా వాడినారో ఆ పాపమంతా మన నెత్తిన పడేది.

1988లో మా నాయన కొన్నది మూడో చెయ్యి బండి. టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా ఆయిలు ఉండదు, పెట్రోల్లో కలిపిందే దానికి ప్రాణం. అమ్మినాయన "కొంచెం పోస్తే చాలులే" అన్నాడు, మా నాయన ఖర్చు మిగిలిందనుకున్నాడు. ఆ ఎండాకాలమే రెండు పాలకేన్లతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజను పట్టేసింది. వెనక చక్రం తిరగడం మాని ఈడ్చుకుపోయింది. పాలన్నీ రోడ్డు మీద, నాయన మోకాలు పగిలింది. రీబోరుకు ఒక పెయ్యను అమ్మినాము. ఆ కాలు ఆయన చివరిదాకా కుంటుతానే ఉండింది.

తర్వాత భయంతో ఆయిలు ఎక్కువ పోసేవాడు. దానికి ఇంకో తంటా. ప్లగ్గుకు మసి పట్టి స్టార్టు కాదు, సైలెన్సరు పూడుకుపోయి బండి లాగదు. రోజూ పొద్దున ప్లగ్గు విప్పి ఎమరీ పేపరుతో రుద్దడం నా పని. గేర్లు, క్లచ్చు అన్నీ హ్యాండిల్లోనుంచే కేబుళ్ల మీద నడుస్తాయి కాబట్టి డిక్కీలో స్పేరు కేబులు ఒకటి ఎప్పుడూ ఉండేది.

తమ్ముడూ, ఇప్పుడు నువ్వు చూడాల్సింది చెప్తా. ముందు కాళ్ల కింద మ్యాటు ఎత్తు. ఈ బండికి వేరే ఛాసిస్ లేదు, ఆ రేకే ఛాసిస్. అది తుప్పుకు తిన్నుంటే ఇంజను ఎంత బాగున్నా వద్దు. వాళ్లు ముందే వేడి చేసి పెట్టకుండా, చల్లగా ఉన్నప్పుడే నువ్వే కిక్కు కొట్టు. చివరి ఏళ్లలో ఫోర్ స్ట్రోక్ చేతక్‌లు కూడా వచ్చినాయి, అది ఏదో అడుగు. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిలు కలపకూడదు.

ఇంకోటి. 2009 చివర్లోనే బజాజ్ స్కూటర్లు మానేస్తున్నామని చెప్పేసింది. అంటే ఏ పెట్రోలు చేతక్ అయినా 15 ఏళ్లు దాటిందే. ఆర్.సి. రెన్యువల్ అయిందా లేదా చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. కాగితాలు సరిగ్గా ఉంటే ఫోన్ చెయ్యి, ఆదివారం పాలు పోసినాక నేనూ వస్తా.