వానలెక్క, నెత్తురులెక్క

మా చిన్నాయన దగ్గర అట్ట వేసిన పొడుగుపాటి నోటుబుక్కు ఒకటి ఉండేది. తెరిస్తే ఎడమపక్క వానలెక్క, కుడిపక్క నెత్తురులెక్క.

గోరంట్ల మండలాఫీసులో పనిచేసినన్నాళ్ళూ రెయిన్‌గేజి చూసింది ఆయనే. పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో పడిన నీళ్ళను కొలతగ్లాసులో పోసి, కంటికి సమంగా ఎత్తి పట్టుకొని 4.2 అనో 0.6 అనో రాసుకునేవాడు. ఎక్కువ రోజులు సున్నాయే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమ ఇది. పక్కనే చిత్రావతి ఉందన్న మాటేగాని మేం పెరిగింది దాని ఇసుకలోనే, నీళ్ళలో కాదు. జూన్ వచ్చిందంటే ఆఫీసు గేటు దగ్గర రైతులు నిలబడి అడిగేది ఒకటే మాట: "పదునైందాప్పా?" విత్తనం వేసేంత తడి నేలకు పట్టిందా అని.

కుడిపక్క అంకెలు ఇంకా చిన్నవి. 2.8, 3.1, 2.6. బడీడులో వచ్చిన గొంతునొప్పి, కొన్ని వారాల తర్వాత మోకాళ్ళ వాపుతో పట్టుకున్న జ్వరం ఎవరికీ గుర్తుకూడా లేకుండా పోయాయి. కానీ ఆ జ్వరం లోపల గుండె కవాటాన్ని కొరికిపెట్టి పోయింది. నలభై అయిదేళ్ళు దాటేసరికి ఆఫీసు మెట్లెక్కలేక ఆయాసం. 1991 నవంబరు 22న మొదలైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మాకు కూతవేటు దూరమన్నట్టే. అక్కడ మైట్రల్ కవాటం తీసి లోహపు కవాటం పెట్టారు. పైసా తీసుకోలేదు. రాత్రి సద్దుమణిగాక ఆయన ఎదలో టిక్కుటిక్కు వినపడేది. చిన్నమ్మ దాన్ని గడియారం అనేది.

లోహం తగిలితే నెత్తురు గడ్డకట్టాలని చూస్తుంది. అందుకే బతికినన్నాళ్ళూ మాత్ర. నెత్తురు గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె ఐఎన్‌ఆర్. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఆయనకు 2.5కీ 3.5కీ మధ్య నిలవాలి. దిగితే కవాటం మీద గడ్డ, ఎక్కితే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం. చిన్నాయన దానికి తన మాటే పెట్టుకున్నాడు. "శెనక్కాయ విత్తనానికి పదునెట్లో నా నెత్తురుకూ అట్లే. తక్కువైతే మొలవదు, ఎక్కువైతే కుళ్ళుతాది." తోటకూర, గోంగూర ఎక్కువ తిన్న వారం అంకె దిగేది. అదీ రాసేవాడు, వానకు ముందు గాలి ఎటు తిరిగిందో రాసినట్టు.

ఆ మందు కథ ఒకసారి చెప్పాను ఆయనకు. 1920లలో అమెరికా ఉత్తర మైదానాల్లో, కెనడాలో పశువులు చిన్న గాయానికే నెత్తురోడి చచ్చేవి. బూజుపట్టిన క్లోవర్ గడ్డి తినడం వల్ల. పారేద్దామంటే వేరే మేత లేదు రైతులకు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యనూ, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలక్యానునూ మంచుతుపానులో బండికెత్తుకొని యూనివర్సిటీలో శాస్త్రవేత్త కార్ల్ లింక్ దగ్గరికి పోయాడు. అక్కణ్ణుంచి మొదలైన వెతుకులాటలోంచే 1948లో ఎలుకల మందుగా వార్‌ఫరిన్ వచ్చింది, 1950లలో అదే మనుషుల మందయింది. చిన్నాయన వేసుకునే ఎసిట్రోమ్ దానికి వరసకు తమ్ముడు. అంతా విని, "అయితే మేత లేని ఊళ్ళో పుట్టిన మందన్న మాట" అన్నాడు. సొంత మనిషి దొరికినట్టు నవ్వాడు.

2019 నవంబరులో కూతురి కాన్పుకని చిన్నాయన, చిన్నమ్మ డల్లాస్ పోయారు. ఏర్పాట్లలో ఆయనకు వంక పెట్టలేం. ఆరు నెలల మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో. డాక్టరు చీటీ జేబులో. విమానంలో గంటకోసారి లేచి నడవడం. చేతి గడియారాన్ని గోరంట్ల టైం నుంచి మార్చనేలేదు. ఇక్కడ రాత్రి ఎనిమిదికి వేసుకునే మాత్ర అక్కడ పొద్దున ఎనిమిదిన్నరకు పడింది. రెయిన్‌గేజి చూసే వేళ! ఆ సంగతి ఫోన్లో ఎంత సంబరంగా చెప్పాడో.

చేతిసంచిలో పట్టనిది పరీక్ష ఒక్కటే. చూడ్డానికి పోయినవాళ్ళ ఇన్సూరెన్సు పాత జబ్బులకు డబ్బివ్వదు. డిసెంబరులో ఒకసారి అల్లుడు తీసుకుపోయి చేయించాడు. 2.9. బిల్లును రూపాయల్లోకి మార్చుకొని చూసి, మళ్ళీ పోనని మొండికేశాడు.

తిరుగు టికెట్టు ఏప్రిల్ చివరకు. కరోనా వచ్చి 2020 మార్చి 22 నుంచి మన దేశానికి విమానాలు నిలిచిపోయాయి. మే 7న మనవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనా పేర్లు రాయించుకొని కాచుకోవాల్సిందే. ఎసిట్రోమ్ అమెరికాలో అమ్మరు. వార్‌ఫరిన్ అమ్ముతారు, అదీ కొద్ది డాలర్లకే. డాక్టరుతో ఫోన్లో ఒక్క మాట, ఒక చీటీ, ఒక పరీక్ష. అంతే కావాల్సింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో, ఆసుపత్రి పేరు చెబితేనే భయపడే రోజుల్లో, తన మాత్రల గొడవ ఎందుకనుకున్నాడు.

ఏం చేశాడో నోటుబుక్కు చెప్పింది. మార్చి 25 నుంచి కుడిపక్క "సగం" అని ఉంది. రోజూ సగం. మే నుంచి రోజు విడిచి రోజు సగం. బిందె నీళ్ళతో ఇల్లు గడుపుకొచ్చిన మనిషి, ఉన్నదాన్ని సాగదీయడమే తెలిసినవాడు. కరువు నేర్పిన ఆ చదువుతోనే మా ఊరు ఇన్నేళ్ళు బతికింది.

గోరంట్లలో వాన పడిందంటే ఆ లెక్క ఆఫీసులో కనుక్కొని వాట్సాప్‌లో పంపింది నేనే. రోజూ మాట్లాడేవాళ్ళం. ఎడమపక్క పేజీ గురించే. కుడిపక్కది ఒక్కరోజూ అడగలేదు నేను.

"ఇన్నేండ్లు నా చెవిలో కొట్టుకున్న గడియారం రా అది" అంది చిన్నమ్మ తర్వాత. "మూడునాళ్ళ నుంచి సరిగా వినపడలే. అలవాటయి నాకే వినపడలేదేమో అనుకుంటి." గడ్డ పట్టిన కవాటం చప్పుడు తగ్గుతుందని ఆమెకెవరు చెప్పారు? నాలుగో రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. అంబులెన్సులో అల్లుణ్ణి సైతం ఎక్కనివ్వలేదు. తెల్లవారలేదు ఆయనకు.

జూన్ నెల అది. అస్థికలు ఊరు చేరేసరికి ఏడాది చివరికొచ్చింది. ఆ ఏడు మా సీమలో వానలు ఎక్కువై శెనక్కాయ చేలల్లోనే చెడింది. చిత్రావతిలో కలపడానికి చిన్నమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది.

నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆఖరి పేజీలో ఎడమపక్క నేను పంపిన అంకె, దాని కింద ఆయన చేతిరాతలో "పదునైంది". కుడిపక్క ఏమీ లేదు, తారీకు మాత్రం వేసి ఉంది.