గిటారు నుదుటి రాత

1951 ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో, ఫెండర్ గిటార్ల కార్ఖానా పనివాళ్ళు కత్తెరలు పట్టుకోవాల్సి వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీ ‘బ్రాడ్‌కాస్టర్’ అనే ఎలక్ట్రిక్ గిటారును బజారులోకి తెచ్చింది. న్యూయార్క్‌కు చెందిన గ్రెచ్ కంపెనీ అప్పటికే ఇంచుమించు అదే పేరుతో డ్రమ్ములు అమ్ముతోంది. అది అభ్యంతరం చెప్పేసరికి, ఫెండర్ తగవు పెట్టుకోకుండా పేరు వదులుకుంది. కానీ గిటారు తల మీద, అంటే హెడ్‌స్టాక్ మీద, అతికించే డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి జార్చే పలచటి పేరు పొరలు) అప్పటికే అచ్చయి ఉన్నాయి. వాటిలో ‘ఫెండర్’ ఉంచి ‘బ్రాడ్‌కాస్టర్’ ముక్కను కత్తిరించేశారు. అమ్మకాలు చూసే డాన్ రాండాల్ ‘టెలికాస్టర్’ అని కొత్త పేరు పెట్టాడు. ఆ పేరుతో డెకాల్స్ వచ్చేదాకా గిటార్లు మోడల్ పేరు లేకుండానే బయటికి వెళ్ళాయి. సేకరించేవాళ్ళు వాటిని ‘నోకాస్టర్’ అంటారు. అవి దొరకడమే అరుదు, దొరికితే ధర కొండెక్కి కూర్చుంటుంది.

పేరును కత్తెరతో తీసెయ్యగలిగారంటే అది చెక్కలో లేదు కాబట్టే. గిబ్సన్ తన ఖరీదైన గిటార్లకు పేరును ముత్యపుచిప్పతో పొదిగేది. దాన్ని మార్చాలంటే ఉలి పట్టాలి. లియో ఫెండర్ దారి వేరు. ఆయన రేడియోలు బాగుచేసిన మనిషి. గిటారు మెడను కూడా జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు, చెడితే విప్పి మార్చుకోవచ్చని. అలాంటి వాయిద్యానికి నీళ్ళలో నానబెట్టి జార్చే పేరే తగినది. డెకాల్‌ను చౌకబారు పని అని చప్పరించేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

దాని వంశం కూడా చిన్నది కాదు. బొమ్మను ఒకచోట అచ్చువేసి మరోచోటికి దించే విద్య 18వ శతాబ్దపు పింగాణీ పనిలో స్థిరపడింది. 1756లో లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ కాగితం మీద అచ్చును పింగాణీ పలకల మీదికి దించి, ఆరు గంటల్లో 1,200కు పైగా పలకలు తయారుచేశామని ప్రమాణపత్రం రాశారు. చేత్తో బొమ్మలు గీసే కళాకారులు వందమంది కూర్చున్నా అంత పని కాదని సాక్షులు సంతకాలు పెట్టారు. ఆ కళాకారుల బతుకులు ఏమయ్యాయో అనే ఆలోచన ఈ లెక్క చదివిన ప్రతిసారీ నన్ను ఆపుతుంది. తర్వాత రాతి అచ్చు, అంటే లిథోగ్రఫీ, వచ్చి రంగురంగుల బొమ్మల్ని సాధ్యం చేసింది. 1860ల్లో ఇంగ్లండులో ఈ బొమ్మలు అతికించడం ఇంటింటి పిచ్చి అయింది. మన ఇళ్ళలోని పాత సింగర్ కుట్టు మిషన్ల నల్లటి ఒంటి మీద కనిపించే బంగారు లతలూ ఇలా దించినవే.

నీటి డెకాల్ కిటుకు దాని పొరల్లో ఉంది. అడుగున కాగితం, దాని మీద నీళ్ళలో కరిగే బంక, ఆపైన పారదర్శకమైన పలచటి పొర, ఆ పొర మీద అక్షరాలు. గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచితే బంక కరిగి, పొర వేలికొసకు జారుతుంది. హెడ్‌స్టాక్ ముందే ల్యాకర్ పూసి నునుపు చేసి, తడిపి ఉండాలి. ఆ తడి మీద డెకాల్ కాసేపు అటూ ఇటూ కదులుతుంది, సరిచేసుకునే అవకాశం అప్పుడే. చోటు కుదిరాక నడుమ నుంచి అంచులకు నీటిని మెత్తగా ఒత్తి పంపి, పూర్తిగా ఆరనివ్వాలి. అసలు గండం ఆ తర్వాత. డెకాల్ మీద ల్యాకర్ ఒక్కసారిగా దట్టంగా కొడితే, దానిలోని ద్రావకం పొరను కొరికి ముడతలు తెస్తుంది. అందుకే మొదటి పూతలు పొగమంచులా పలచగా పడాలి. పూతలు పేరుకున్నాక సన్నటి ఉప్పు కాగితంతో తడి సాన పడితే, వేలితో తడిమినా అంచు తగలదు.

ఫెండర్ తొలి రోజుల్లో డెకాల్‌ను పాలిష్ మీదే అతికించి వదిలేసేది. అందుకే పాత గిటార్లలో ఆ వెండి అక్షరాలు సగం రాలిపోయి కనిపిస్తాయి. సన్నటి సేమ్యాలాంటి ఆ రాతను ‘స్పగెట్టి లోగో’ అంటారు. 1960ల నడుమ బంగారు రంగు లావు అక్షరాలు వచ్చాయి. 1965లో కంపెనీ సీబీఎస్ చేతికి వెళ్ళింది, ఆ దశకం చివరికి అక్షరాలు నల్లబడ్డాయి. గిటారు వయసు పోల్చుకోవడానికి ఇదొక ఆనవాలు.

కానీ దీన్ని ఒక్కదాన్నే నమ్మలేం. లేజర్ ప్రింటరూ డెకాల్ కాగితమూ ఉంటే ఇంట్లోనే అచ్చు వేసుకోవచ్చు. సొంతంగా గిటారు చేసుకున్నవాళ్ళు తమ పేరు వేసుకోవడం నాకెంతో ఇష్టం. పరాయి కంపెనీ పేరు వేసి అమ్మడం మాత్రం మోసమే. అరిగిన అసలు డెకాల్‌ను గీకేసి కొత్తది వేయించడం ఇంకో నష్టం. చరిత్ర పోతుంది, విలువా తగ్గుతుంది. తెలిసిన కొనుగోలుదారులు తల మీది పేరును చూసి ఊరుకోరు. నాలుగు స్క్రూలు విప్పి, మెడ చివర పెన్సిలుతో రాసిన తేదీ ఉందేమో చూస్తారు. లోపల వాల్యూమ్ కంట్రోల్ మీద కొట్టిన అంకెలను దానితో సరిపోల్చుకుంటారు.