చాప మడతపెట్టాక చెప్పుకునే మాట

ప్రతి ఏటా ఈ నివేదికలో పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాల లెక్కలు రాసుకుంటాం. ఏ పుస్తకంలోకీ ఎక్కని లెక్క ఇంకొకటి మన దగ్గర ఉంది. నెల తప్పిన తొలి వారాల్లోనే ఈ కడుపు వద్దనుకున్న ఆడవాళ్ళ లెక్క అది. వెలుగు పథకం 2000లో మొదలైనప్పుడు మొదట ఎంచుకున్న ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పట్నుంచీ సంఘంలో వడ్డీ గురించి గొంతెత్తి మాట్లాడుతున్నాం. ఈ సంగతి మాత్రం మీటింగు అయిపోయి, చాప మడతపెట్టేటప్పుడే చెవిలో చెప్పుకుంటున్నాం. ఈసారి దీన్ని చాప మీదే కూర్చుని మాట్లాడుకుందాం అక్కచెల్లెళ్ళారా.

ఈ గుసగుస ఈనాటిది కాదు. తెల్లవాళ్ళు 1860లో తెచ్చిన శిక్షాస్మృతిలో 312వ సెక్షను ఉండేది. తల్లి ప్రాణం కాపాడ్డానికి తప్ప కడుపు తీస్తే మూడేళ్ళ దాకా జైలు, బిడ్డ కదలిక తెలిశాక అయితే ఏడేళ్ళ దాకా. తీసినవాళ్ళకే కాదు, తీయించుకున్న ఆడదానికీ శిక్షే.

ఆ రోజుల్లో మన సీమ ఎలా ఉండేదో విజయనగరంలో ఉండి రాసిన గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం ముందుమాటలో చెప్పారు. విజయనగరం మహారాజు చేయించిన లెక్క ప్రకారం, అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళు బయటపడ్డాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అలాంటి పిల్లకి ముసలి మొగుడు పోతే బతుకంతా వైధవ్యమే. ఆ తర్వాత ఎవరివల్లో కడుపొస్తే అటు లోకం, ఇటు చట్టం. మిగిలింది చీకటి దారి ఒక్కటే. రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లో వితంతువుకి మళ్ళీ పెళ్ళి చేశారు గానీ, 312 మాత్రం అలాగే ఉండిపోయింది.

మిగతా కులాల్లో మన అమ్మమ్మలకీ ఆ చీకటి దారే. పచ్చి బొప్పాయి, నువ్వులూ బెల్లం తినడం. అవి పనిచెయ్యకపోతే నాటు పుల్ల పెట్టించుకోవడం. తర్వాత జ్వరం, చీము, రక్తం. చాలామంది చావుకి "గాలి సోకింది" అని పేరు పెట్టేశారు.

దేశమంతా ఇలాగే ఆడవాళ్ళు చచ్చిపోతుంటే, 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫార్సు మీద 1971లో గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తల్లి ప్రాణానికో, ఒంటికో, మనసుకో హాని ఉన్నా, బలాత్కారం జరిగినా, బిడ్డకి పెద్ద లోపమున్నా, పెళ్ళయినామె వాడిన కుటుంబ నియంత్రణ పద్ధతి తప్పినా డాక్టరు కడుపు తీయొచ్చు.

చట్టం వచ్చింది గానీ మన ఊళ్ళకి డాక్టరు రాలేదు. సీతంపేట కొండల మీంచి, సోంపేట తీరం నుంచి పెద్దాసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోద్ది, ఊరంతా తెలుస్తాది. వెళ్ళినా "ఆపరేషన్ కూడా చేయించుకుంటేనే" అన్న మాట మనలో పెద్దవాళ్ళు విన్నారు. అందుకే చట్టం ఉందని తెలియకుండానే చాలామందికి వయసైపోయింది.

అప్పుడొచ్చింది మాత్ర. ఫ్రాన్స్‌లో 1988లో అనుమతి పొందిన మిఫెప్రిస్టోన్ మన దేశానికి 2002లో వచ్చింది. దానితో కలిపి వాడే రెండో మందు మిసోప్రోస్టాల్. నిజానికది కడుపులో పుండ్లకి చేసిన మందు. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదని రాసుంటే, అందులో ఉపాయం కనిపెట్టింది 1980ల్లో బ్రెజిల్ ఆడవాళ్ళు. మొదటి మందు కడుపు నిలబడ్డానికి కావలసిన హార్మోన్ని అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వేసే రెండోది గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. పెద్ద ముట్టులాగ రక్తం పోతుంది. కత్తి లేదు, మత్తు లేదు. 2003 నిబంధనలు ఏడు వారాల్లోపు దీన్ని ఒప్పుకున్నాయి, ఇప్పుడు తొమ్మిది వారాల దాకా ఒప్పుకుంటున్నాయి.

మాత్ర చిన్నది, దాచడం సులువు. దాంతో గుసగుస ఆసుపత్రికి పోకుండా మందుల షాపుకి పోయింది. 2015లో దేశంలో సుమారు కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని పరిశోధకులు అంచనా కట్టారు. నూటికి 81 మాత్రలతోనే, నూటికి 73 ఆసుపత్రి గడప తొక్కకుండానే.

ఆ నూటిలో మనవాళ్ళూ ఉన్నారు. మా సభ్యురాలొకామె మూడో కడుపప్పుడు షాపులో కొన్న మాత్రలు వేసుకుంది. నెలలు లెక్క చూసినవాళ్ళు లేరు, అప్పటికే మూడో నెల దాటింది. రెండు రోజులు రక్తం ఆగలేదు. "ఎవుళికీ సెప్పకండప్పా, మా అత్తకి తెలిస్తే బతకనివ్వదు" అని గడప దగ్గరే కూలబడింది. మేమే 108 పిలిచాం. రక్తం ఎక్కించాక బతికింది. ఇంకొకామె తెలివిగా ముందే ఆసుపత్రికి వెళ్ళింది. "మీ ఆయన సంతకం తెమ్మ"న్నారట అక్కడ. ఆయన గుజరాత్ వీరావల్లో చేపల పడవ మీద ఉన్నాడు. సంతకం కోసం చూస్తూ మూడు వారాలు పోయాయి, మాత్రల గడువూ పోయింది.

ఆ సంతకం చట్టం ఎప్పుడూ అడగలేదు. 18 ఏళ్ళు నిండిన ఆడదాని ఒప్పుకోలు ఒక్కటే చాలు. చిన్నపిల్లయితే సంరక్షకుల సంతకం కావాలి. 2021 సవరణలో "పెళ్ళయిన ఆడది, ఆమె భర్త" అన్న చోట "ఏ ఆడదైనా, ఆమె తోడైనా" అని మార్చారు. పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలు ఉండొచ్చు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, పెళ్ళికాని వాళ్ళకీ ఇదే హక్కు ఉందని చెప్పింది.

ఇంకో అపోహ కూడా పోవాలి. ఆడపిల్లని తెలుసుకుని తీయించడం వేరు, దాన్ని ఆపడానికి 1994 చట్టం ఉంది. తొమ్మిది వారాల్లోపు స్కానింగులో ఆడో మగో తెలీదు. రెండిటినీ కలిపేస్తే, అవసరమైన ఆడది భయపడి మళ్ళీ చీకటి దారే పడుతుంది.

చరిత్రంతా తిరగేస్తే మాకర్థమైంది ఒకటే. ఆడవాళ్ళని ఎక్కువగా చంపింది కడుపు తీయించుకోవడం కాదు, దాన్ని దాచుకోవడం.

అందుకని గుర్తుంచుకోండి. నెల తప్పితే వెంటనే ఆశా కార్యకర్తకి చెప్పండి, ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్క వేయించండి. నాళంలో కడుపు నిలిస్తే ఈ మాత్రలు పనిచెయ్యవు, ప్రాణం మీదకొస్తాది. రక్తం తక్కువున్నవాళ్ళకీ ప్రమాదమే. డాక్టరు చూడకుండా వేసుకోవద్దు. గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసిపోతున్నా, జ్వరం తగ్గకపోయినా, ఒక పక్క పొట్ట విపరీతంగా నొప్పెట్టినా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి. అసలు రక్తమే రాకపోతే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. రెండు వారాలకి మళ్ళీ చూపించుకోవాలి. కడుపు రాకుండా అంతర ఇంజెక్షను, ఛాయ మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆపరేషన్ ఒక్కటే దారి కాదు.

ఈ ఏడాది మా తీర్మానం చిన్నది. ఏ సభ్యురాలైనా రాత్రి పూట ఆసుపత్రికి పోవాలంటే గ్రామ సంఘం డబ్బులోంచి ఆటో ఖర్చు ఇస్తాం, ఒకరు తోడు వెళ్తాం. ఎందుకని అడగం. పుస్తకంలో "ఆరోగ్యం" అని రాస్తే చాలు.