అకామా, కఫీల్, ఖల్లివల్లి: మన తండాలు నేర్చుకున్న అంతర్జాతీయ చట్టం



బోధన్ నుంచి సాలూర పోయి మంజీర వంతెన దాటితే మహారాష్ట్ర. ఇవతల లంబాడీ ఎస్టీ. అవతల అదే గోర్‌బోలి మాట్లాడే మన బంధువు విముక్త జాతుల జాబితాలో ఉంటడు. తెలంగాణలో మనకు కూడా ఎస్టీ హోదా 1976 చట్ట సవరణతోనే వచ్చింది. మనిషి అదే మనిషి, కాగితం మీద మాత్రం వేరే. రాష్ట్రం సరిహద్దే ఇంత చేస్తే దేశం సరిహద్దు ఏం చేస్తదో గల్ఫ్ పోయినోళ్లను అడగాలె.

1931లో నిజాంసాగర్ పూర్తయింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరుకు కొట్టే పని సీజన్ ఉన్నన్ని రోజులే. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేచినయి, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వలస మొదలైంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డది. దానివల్లే గల్ఫ్ బాట పట్టినమని కొందరు అంటరు గానీ ఆ బాట అంతకు చాలా ముందుదే.

ఇప్పటికీ నడుస్తున్నది 1983 ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాస్ కానోళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కింద వస్తది. వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలె. చదువు లేదని ముద్ర వేసినట్టు ఉంటది, నాకూ నచ్చదు. కానీ పని ఒప్పందం రికార్డుకెక్కేది, 10 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి అయ్యేది అక్కడే. ఏజెంట్ విజిట్ వీసా మీద ఎక్కిస్తే ఈ రెండూ పోయినట్టే.

మూడు కాగితాలను కలిపేయొద్దు. పాస్‌పోర్టు మన దేశం ఇస్తది. వీసా అంటే వాళ్ల దేశంలో అడుగు పెట్టనిచ్చే అనుమతి. అకామా అక్కడ ఉండనిచ్చే అనుమతి, అది కఫీల్ పేరుతో ముడిపడి ఉంటది. దీన్నే కఫాలా అంటరు. జీతం ఇయ్యకుంటే మనోడు కఫీల్‌ను విడిచి బయట పని చూసుకుంటడు. కఫీల్ పారిపోయిండని రాసిస్తే, సౌదీలో దాన్ని హురూబ్ అంటరు, ఇగ ఇతనే నేరస్తుడు. మనోళ్లు ఖల్లివల్లి అనేది ఇతన్నే. అరబ్బీలో ఆ మాటకు 'పోనీ, వదిలేయ్' అని అర్థం. ఖతార్ 2020లో, సౌదీ 2021లో యజమానిని మార్చుకునే నిబంధనలు సడలించినయి, అయినా కఫీల్ పట్టు పూర్తిగా పోలేదు.

పాస్‌పోర్టు కఫీల్ దగ్గర పెట్టుడు మామూలే అనుకుంటరు. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. కఫీల్‌ది కాదు, ఆ మాటకొస్తే మనదీ కాదు. అది చేతిలో లేనోళ్లకు ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టే మనం అనే ఔట్‌పాస్. పోలీసులు పట్టుకుంటే మన ఎంబసీకి చెప్పమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చింది. ఆ హక్కు ఉన్నదని పట్టుకున్నోళ్లే చెప్పాలె.

యూఏఈ 2007లో, 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. పేపర్లు ఆ మాటే వాడతయి. జీతం ఎగ్గొట్టినోడు ఎవరినీ క్షమించమని అడగలేదు, కూలోడే అడగాల్సి వచ్చింది. వలస కార్మికుల మీద ఐక్యరాజ్య సమితి 1990లో ఒక ఒప్పందం చేసింది, 2003లో అమలులోకి వచ్చింది. కాగితాలు లేనోడికి కూడా చేసిన పనికి కూలి హక్కు ఉన్నదని అందులో ఉంది. గల్ఫ్ దేశాలు అందులో చేరలేదు. మన దేశమూ చేరలేదు.

అందుకే ఔట్‌పాస్ మీద వచ్చే మీ అన్నకో బాబాయికో ఫోన్ చేసి చెప్పండి: రాని జీతాల లెక్క నెలల వారీగా రాసి, ఎంబసీలో ఫిర్యాదు ఇచ్చి, ముద్ర ఉన్న కాపీ తీసుకున్నంకనే విమానం ఎక్కాలె.