టైపురైటరులో ట్యాబు మీట

లెక్క వ్రాయువానికి అంకె తప్పుట కంటె స్థానము తప్పుట ఘోరము. పదుల క్రింద నుండవలసినది వందల క్రింద పడెనా, కూడిక యంతయు చెడును. 1874లో అమెరికాయందు షోల్స్ టైపురైటరు విక్రయమునకు వచ్చిననాడు ఈ చిక్కు తీరలేదు. వరుస కుదురుటకు స్పేస్‌బారు నొక్కులను లెక్కించుకొనవలసి వచ్చెడిది. తరువాత వచ్చిన ట్యాబులేటరు ఆ శ్రమను తగ్గించినది.

దాని కిటుకు సులభము. కాగితమును మోయు క్యారేజిని స్ప్రింగు సదా ఎడమకు లాగుచుండును. పండ్లపట్టెలో దిగిన కొక్కెము అక్షరమునకొక పన్ను చొప్పున దానిని విడుచును. ట్యాబు మీట నొక్కినచో కొక్కెము లేచును. క్యారేజి పలుపు త్రెంచుకొనిన కోడెవలె పరుగిడి, ముందుగా నిలిపిన అడ్డు తగిలి ఆగును.

1961 జులై 31న ఐ.బి.యం. వెలువరించిన సెలెక్ట్రిక్ విద్యుద్యంత్రమందు కదలు క్యారేజి లేదు. 88 గుర్తులు గల బంతిని మోయు వాహకమే కుడికి నడచును. విచిత్రమేమన, ఇందును వాహకమును లాగునది స్ప్రింగే! మోటారు బలము కొక్కెములను ఎత్తును. గడియ వానిని అట్లే పట్టియుంచును. వాహకపు నాలుక అడ్డును తాకగనే గడియ వీడి, కొక్కెములు మరల పండ్లలో దిగును. తిరుగు ప్రయాణమున మోటారే వాహకమును ఎడమకు లాగి స్ప్రింగును చుట్టిపెట్టును.

అయినను లెక్కలవారికి ఒక కొరత మిగిలినది. కొన్ని పాత చేతియంత్రములకు ఒకట్లు, పదులు, వందలకు వేర్వేరు ట్యాబు మీటలుండెడివి. సాధారణ సెలెక్ట్రిక్‌కు ఉన్నది ఒక్కటే. 250 క్రింద 7 వేయవలెనన్న, ముందు రెండు ఖాళీలను టైపిస్టు తానే నొక్కవలసి వచ్చెడిది.