కాఫీ పరిమళమునకు కాపలా

కాఫీ చరిత్ర యనగానే గింజ ఏ దేశమున పుట్టినది, ఏ ఓడ నెక్కి ఎచ్చటికి చేరినది అను విషయములే సాధారణముగా చెప్పుకొనుచుందుము. గింజ వంటయింటికి వచ్చిన పిమ్మట దాని కమ్మదనమును నిలుపుటకు మానవుడు పడిన పాట్లు కూడ ఒక చరిత్రయే. మన గ్లాసులోని రుచికి ఈ రెండవ చరిత్రయే దగ్గర చుట్టము.

ముందుగా గింజ స్వభావమును గమనింతము. పచ్చిగింజ ఓపిక గలది. పొడిచోట గోనెసంచిలో నుంచినచో నెలల తరబడి చెడదు. తెరచాప ఓడల కాలమున మలబారు తీరము విడిచిన గింజలు ఆఫ్రికాను చుట్టి ఐరోపా చేరుటకు నెలలు పట్టెడిది. సముద్రపు తేమకు అవి ఉబ్బి, పసుపువన్నెకు తిరిగినను, అచ్చటివారు ఆ రుచినే మరగిరి. నేటి ‘మాన్సూన్డ్ మలబార్’ కాఫీ ఆ రుచిని మరల తెచ్చుటకై పుట్టినదే.

వేయించిన గింజ కథ వేరు. సుమారు 200 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి గింజ చిటపటలాడి, ఉబ్బి, బరువులో ఇంచుమించు ఆరవవంతు కోల్పోవును. వందలకొలది పరిమళద్రవ్యములు అప్పుడే పుట్టును. వానితోపాటు బొగ్గుపులుసు వాయువు గింజలో నిండి, కొన్ని దినములపాటు మెల్లగా వెలికి వచ్చుచుండును. అది వెడలినకొలది ప్రాణవాయువు చొరబడి, గింజలోని నూనెకు కనరువాసన తెచ్చును. గింజగా నున్నచో రెండుమూడు వారములు కమ్మదనము నిలుచును. పొడి చేసినచో గాలి తగులు వైశాల్యము ఎన్నోరెట్లు పెరుగుటచే గంటలలోనే పరిమళము సన్నగిల్లసాగును.

ఈ శాస్త్రము తెలియకున్నను పూర్వులు దీని మర్మ మెరిగిరి. ఇథియోపియాలో నేటికిని అతిథి వచ్చిన పిమ్మటనే గింజలను కడిగి, పెనముపై వేయించి, ఆ పరిమళమును అతిథిచే ఆఘ్రాణింపజేసి, దంచి, జెబెనా యను మట్టికూజాలో కాచి పోయు ఆచారము కలదు. నిలువ యను ప్రశ్నయే అచ్చట లేదు.

బాబా బుడన్ అను సాధువు 17వ శతాబ్దమున యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని మనదేశమున ఐతిహ్యము. 20వ శతాబ్దపు పూర్వార్ధమున తెలుగు ఇండ్లలో కాఫీ అలవాటు వ్యాపించినప్పుడు, పచ్చిగింజలు కొని, మూకుడులో దోరగా వేయించి, బల్లకు బిగించిన చేతిమరలో పొడికొట్టి, ఇత్తడి ఫిల్టరులో డికాషను దింపుట అనేక గృహములలో నిత్యకృత్య మయ్యెను. ఏపూట పొడి ఆపూటకే. అయితే ఆ కమ్మదనము వెనుక ఇల్లాలి చేతినొప్పి కూడ కలదని మరువరాదు.

ఆ శ్రమను తప్పించెదమని వ్యాపారము ముందుకు వచ్చెను. అమెరికాలో పిట్స్‌బర్గు నగరమునందలి అర్బకిల్ సోదరులు 1865లో వేయించిన గింజలను పౌను కాగితపు సంచులలో అమ్మసాగిరి. గింజకు గాలి తగులకుండ గ్రుడ్డుసొన, చక్కెర కలిపి పూతపూయు పద్ధతికి జాన్ అర్బకిల్ 1868లో పేటెంటు పొందెను. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హిల్స్ సోదరులు గాలి తీసివేసిన డబ్బాలలో కాఫీని నింపిరి. కాని తాజాగింజ విడుచు వాయువు మూసిన డబ్బాను ఉబ్బించును. అందుచే మూయుటకు ముందు గింజలను కొంతకాలము ఊరక ఉంచవలసి వచ్చెడిది. ఆ వ్యవధిలోనే కొంత పరిమళము పోయెడిది. 1960ల చివర ఇటలీ దేశీయుడు లుయీజీ గోల్యో ఈ చిక్కును విప్పెను. లోని వాయువును వెలికి వదలి, బయటిగాలిని లోనికి రానీయని చిన్న కవాటమును సంచికి అమర్చెను. నేడు కాఫీసంచులపై కనబడు సన్నని రంధ్రముల వెనుక నున్నది అదియే.

ఇంటిశ్రమ తగ్గినది. దానితోపాటు గింజ ఎన్నడు వేగినదో, పొడిలో ఏమి కలసినదో ఎరుగు అవకాశమును తగ్గినది. 1806లో నెపోలియన్ ఆంగ్లేయ వర్తకమును నిషేధించగా ఐరోపాలో కాఫీ కరవై చికోరీ వాడుక హెచ్చెను. మనదేశపు నిబంధనల ననుసరించి చికోరీ మిశ్రమములో కాఫీ 51 శాతమునకు తగ్గరాదు. పాళ్లను అట్టపై ముద్రింపవలెను. గింజను తానే వేయించుకొన్న ఇల్లాలికి ఆ అక్షరముల పని లేకుండెను, మనకు కలదు.

గింజలను కొలదిగా కొని, మూత బిగువైన, వెలుతురు చొరని డబ్బాలో, పొయ్యికి దూరముగా నుంచుడు. తడిచెంచా తగులనీయకుడు. తరచు తెరచు డబ్బాను రిఫ్రిజిరేటరులో పెట్టినచో చెమ్మపట్టును. ఇతర పదార్థముల వాసనలును అంటుకొనును. చేతిమర అటక యెక్కినను అది నేర్పిన నియమము నేటికిని చెల్లును: వారమునకు సరిపడు గింజ, పూటకు సరిపడు పొడి.