పట్టాలు గీసిన ఊళ్లు

హైదరాబాద్‌ నుంచి బెజవాడ దాకా నిజాం రైలు మార్గం 1889 నాటికి పూర్తయింది. జనగామ, మానుకోట ఆ పట్టాలకు అటూ ఇటూ పెరిగాయి. భూపాలపల్లిని సింగరేణి బొగ్గు పెంచింది. ఈ మూడు ఊళ్లకు మాస్టర్ ప్లాన్ వేద్దామంటే, అది లేకుండానే ఇంతదాకా వచ్చాం, ఇప్పుడెందుకు అనేవారికి ఈ చరిత్రే బలం. కానీ రైలూ గనీ తమ సరుకు రవాణా చూసుకున్నాయే తప్ప, చెరువు శిఖం ఎక్కడిదాకా, అలుగు నీరు ఎటు పోవాలి అన్నది వాటికి పట్టలేదు. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్ వచ్చిన చోట చెలక ప్లాటవుతుంది, హద్దురాయి పడ్డాక కాలువను వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ప్లాన్లు కాగితాల్లోనే పాతబడతాయన్న మాటా నిజమే; వరంగల్‌ 1972 నాటి ప్లాన్‌తోనే దశాబ్దాలు నెట్టుకొచ్చింది. అది ప్లాన్‌ను ఎప్పటికప్పుడు సవరించడానికి కారణం, మానేయడానికి కాదు. 2023 జులైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచెత్తితే జనాన్ని హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. కొత్త ప్లాన్‌లో రోడ్ల కంటే ముందు గుర్తించాల్సింది వాగుల దారినే.